పడే పద్ధతి

తెల్లారకముందే మిర్చి యార్డు గేటు దగ్గర
టీ గ్లాసు పట్టుకుని నించున్నాను.
ముందు ఘాటు నా ముక్కుని గుర్తుపట్టింది,
తర్వాత టీకొట్టు కుర్రాడు నన్ను.
‘‘అన్నా, ఒక్కసారి ఆ తుమ్ము తుమ్మవా!’’

రెండో సినిమాలో తుమ్మిన తుమ్ము అది,
పెళ్ళిచూపుల్లో, లడ్డూ నోట్లో ఉండగా.
అది నాది కాదని వాడికెలా చెప్పను?
మా అమ్మది.

మా అమ్మ సువార్తమ్మ
పద్నాలుగేళ్ళు ఈ గుంటూర్లో మిరపకాయలకి తొడిమలు తీసింది,
కిలోకి ఇంతని.
రాత్రిళ్ళు చేతులు మండితే మజ్జిగ గిన్నెలో ముంచుకుని
అన్నం నన్నే కలిపి పెట్టమనేది.
అరవైమంది ఆడవాళ్ళు గోనెపట్టాల మీద వరసగా కూర్చుంటే
మేస్త్రీ నడకని కూర్చున్నచోటే నడిచి చూపించేది.
ఎలాగో నాకిప్పటికీ తెలీదు,
భుజాలతో నడిచేది.
నవ్వుకీ ఘాటుకీ అవే నీళ్ళు కారేవి అందరికీ,
ఏవి దేనివో మేస్త్రీ కనిపెట్టలేకపోయేవాడు.
ఆవిడకి ఎవరూ అడ్వాన్సు ఇవ్వలేదు.

నాకిచ్చారు.
దానికి ముందు ఒక ఉద్యోగం కూడా ఇచ్చారు,
ఏటుకూరు రోడ్డులో, కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు.
స్వెట్టరు కంపెనీదేనట.
మే నెల్లో, గుంటూర్లో, స్వెట్టరు!
నలుగురికీ చెప్పి నవ్వించాను,
ఆ నవ్వు ఆరకముందే వెళ్ళి వద్దని చెప్పొచ్చాను.
ధైర్యం అన్నారు చాలామంది.
జోకు బాగా పేలింది, అంతే.
పెద్ద నిర్ణయాలన్నీ నేను ఇలాగే తీసుకున్నాను.

ఆ తర్వాత హైదరాబాదులో ఆరేళ్ళు,
రేటొచ్చేదాకా చల్లగదిలో పడేసిన టిక్కీలాగా,
పైన తేదీ, లాటు నంబరు, లోపల చీకటి.

హీరోకి ఇంటిపేరుంటుంది, ఊరుంటుంది,
చచ్చిపోయిన అన్నో, తీర్చుకోవాల్సిన పగో ఉంటుంది.
నాకు ‘ఒరేయ్’ ఉంటుంది.
ఇరవై మూడు సినిమాల్లో ఒక్కదాంట్లోనూ
నేను రాత్రిపూట ఎక్కడ పడుకుంటానో రాసినవాడు లేడు.
మేనేజరు మాత్రం లెక్క రాసుకుంటాడు,
మొన్నటిదాంట్లో చెంపదెబ్బలు పదకొండు.
ఒక్కో దెబ్బా అమ్మకి ఒక సీజను కూలి.
వేళ్ళ మీద లెక్కేసి అమ్మే నవ్వింది,
‘‘ఇంకో నాలుగు తినలేకపోయావా?’’

ఇప్పుడొకాయన నన్ను హీరోగా పెడతానంటున్నాడు.
ఈ కథలో నాకు పేరుంది, పగ ఉంది,
వర్షంలో ఏడ్చే సీనుంది.
నెలరోజులుగా అద్దం ముందు ఏడుస్తున్నాను,
ప్రతిసారీ చివర్న తుమ్మొస్తుంది.
బుధవారంలోగా చెప్పమన్నాడు.

గేటు తీశారు.
బాజీ మావ వచ్చాడు, నెత్తిన గోనె మడత,
ముప్పయ్యేళ్ళుగా టిక్కీలు మోసిన మెడ.
నా సినిమా చూశాట్ట.
మిర్చి బస్తాతో మెట్ల మీంచి పడతానే,
హాలంతా పొర్లిపొర్లి నవ్విన సీను.
ఆయన నవ్వలేదట.
‘‘తప్పు పడ్డావురా ప్రభుదాసూ’’ అన్నాడు.
ఆ పేరు ఎవరిదోనని ఒక్క క్షణం వెనక్కి చూశాను.

‘‘మోసేవాడు బస్తాని ముందు పడనివ్వడు.
మోకాలు పోనీ, నడుం పోనీ,
సరుకు చిట్లితే కూలి కోత.
నువ్వేమో బస్తాని గాలికొదిలి నిన్ను కాపాడుకున్నావు.
ఇట్టా పడాల.’’
అరవై దగ్గరపడ్డ మనిషి, ఆ ఎర్రదుమ్ములో,
ఖాళీ గోనెని పొట్టకి అదుముకుని
పక్కకి ఒరిగి, మోచెయ్యి ఆనించి,
పడ్డాడు.

కుర్రాడు నవ్వాడు. నేనూ నవ్వాను.
సగంలో గొంతుకి ఏదో అడ్డం పడింది,
ఘాటే అయ్యుంటుంది.

లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడు.
‘‘నువ్వు పడు ముందు. చూస్తా.’’

గ్లాసు కింద పెట్టాను.
ఫోనూ కళ్ళజోడూ తీసి కుర్రాడికిచ్చాను.
గోనె అందుకున్నాను, పడ్డాను.

‘‘కాదు’’ అన్నాడు బాజీ మావ,
‘‘మళ్ళీ.’’