తక్కెడ అడుగున

బల్లారట్‌లో జూలై.
అద్దాల తలుపు తెరుచుకున్న ప్రతిసారీ
చలి ముందు నా మోకాళ్ళనే పలకరిస్తుంది.
ఆరు యంత్రాలకి నేనొక్కదాన్నే కాపలా.
ఛాతీ మీద బిళ్ళలో "భాను" అని ఉంటుంది,
రేఖకి చోటు చాల్లేదట.

ఒకప్పుడు ఈ ఊళ్ళో బంగారం తూచేవారు.
గురిగింజెత్తు తేడాకి చొక్కాలు పట్టుకునేవారేమో.
ఇప్పుడు కూరగాయలు తూచుకుంటారు,
ఎవరివి వాళ్ళే.
ఇది ఏమిటి, అని తెర అడుగుతుంది.
ఏం చెప్తే అది నమ్మేస్తుంది.
అంతలా నమ్మే మనిషిని
నేనింతవరకూ చూళ్ళేదు.

నిన్న సాయంత్రం నాలుగో యంత్రం దగ్గర ఒక కుర్రాడు,
కళ్ళదాకా లాక్కున్న టోపీ, బూట్లకి మైదానం బురద.
నా కాళ్ళు అటు నడిచాయి.
నేను నడవమన్లేదు.
"సంచి ఓసారి చూడొచ్చా?"
అలవాటున్నవాడిలా తెరిచి పట్టుకున్నాడు.
ఆ అలవాటు చూసి అక్కడే ఆగిపోవలసింది.
రొట్టె, పాలు, నాలుగు టమాటాలు.
విడి టమాటాలకి తీగ టమాటాల ధర కట్టాడు,
కిలోకి మూడు డాలర్లు ఎక్కువ.
చెప్పాను.
"పర్లేదులెండి" అని రసీదు నాలుగు మడతలు పెట్టి
జేబులో దాచుకున్నాడు,
ఇంకెక్కడైనా ఎవరైనా అడుగుతారని.

సరిగ్గా అప్పుడే రెండో యంత్రం దగ్గర
ఉన్నికోటు, చెవులకి ముత్యాలు,
వెళ్తూ వెళ్తూ నాకు గుడ్ నైట్ కూడా చెప్పిందావిడ.
సంచి అంచున అల్లం కొమ్ములు.
వదిలేసిన రసీదు మీద, అరకిలో బంగాళదుంప.
నేను మరి కుర్రాడి సంచిలో ఉన్నాను.

పార్వతీపురం సంతలో మా మేనత్త సింహాచలమ్మ
వంకాయలమ్మేది.
తక్కెడ పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించేది.
గీసి గీసి బేరమాడే గుమస్తాలకి ఆ తూకం.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకునేవాళ్ళొస్తే
గోటితో చింతపండు గీకేసి,
పైన రెండు కాయలు కొసరు.
"తప్పు కాదా అత్తా?"
"తప్పే. ఎవలికి సెయ్యాలో ఎంచుకుంతన్నాను."
పదేళ్ళదాన్ని, నాకది న్యాయంలాగే వినపడింది.

నా కంటి అడుగున ఎప్పుడంటుకుందో ఆ ముద్ద.
ఎవరంటించారో తెలీదు.
అత్త తన చేత్తో తనే అంటించుకుంది,
ఎక్కడుందో తెలుసు కాబట్టి
గీకెయ్యగలిగింది.

ఇవాళ ఆవిడ మళ్ళీ వచ్చింది.
మళ్ళీ అల్లం. మళ్ళీ దుంప బొమ్మ మీద వేలు.
దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి,
"ఈ తెర ఒక్కోసారి తడబడుతుందమ్మా" అన్నాను.
తెర తడబడలేదు.
ఆవిడకి తెలుసు, నాకు తెలుసు.
ధర సరిచేశాను, నవ్వింది, నవ్వాను.
ఒక అబద్ధాన్ని తూకంరాయిగా పెట్టి
నిజాన్ని తూచి ఇచ్చాను.
మర్యాదే అనుకున్నాను ముందు.
తర్వాత, పాల డబ్బాలు సర్దుతుంటే తోచింది:
అదే కుర్రాడైతే
తప్పు తెర మీదికి నెట్టేదాన్నా?

పని దిగాక నా అల్లం నేనే తూచుకున్నాను.
చిన్న కొమ్ము, వంద గ్రాములుండదు.
ఇది ఏమిటి? అల్లం.
సంచిలో వెయ్యగానే యంత్రం అంది,
"సంచిలో అనుకోనిదేదో ఉంది."
తీశాను. మళ్ళీ వేశాను.
మళ్ళీ అదే మాట, అదే మెత్తటి గొంతు.
కాపలా మనిషి కోసం
చుట్టూ చూశాను.