కుంపటి ఎక్కినంక

కాముని పున్నం దాటి నాలుగొద్దులు.
కరీమాబాద్‌ల మా గల్లీ నిండ
అటకల మీదికి కుంపట్లు ఎక్కుతున్నయి,
అటకల మీదికెళ్ళి కూలర్లు దిగుతున్నయి.
నడుమ నిచ్చెన మీద నేను.
ఒక చేతికి మసి, ఒక చేతికి తుప్పు.

అన్నకు చూపు తగ్గినంక
రాగితీగ నా చేతికొచ్చింది.
'ఆడిపిల్ల మోటరు చుడతదా' అన్నోళ్ళే
ఇయ్యాల నా షటర్ ముంగట వరుసకట్టిన్రు.
ఉక్కపోతకు అసొంటి పట్టింపుల్లేవు.

నిరుటి గడ్డి విప్పితే
బోరునీళ్ళ ఉప్పు తెల్లగ పేరుకపోయింది.
జాలి ఎనుక ఎండిన బల్లి,
పంపు నోట్ల నాచు,
టబ్బు అడుగున ఎవరి పిల్లదో ఒక్క గాజు.
కొత్త గడ్డి కట్టి నీళ్ళు చల్లిన,
కొట్టంత ములుగు అడవి లెక్క వాసనేసింది.

జైనాబీ కూలర్ గుర్రుమంటది, తిరగదు.
రెక్కను వేలితోని తోస్తే తిరుగుతది.
మోటరు మంచిదే చాచీ,
మొదటి తోపుడు తోసే డబ్బీ పోయింది, అంతే.
నలభై రూపాల కెపాసిటర్.
అది లేక ఎన్ని మంచి మోటర్లు
పాతసామాను బండెక్కినయో!

ఎర్తువైరు లేనిది నేను ఇయ్యను.
ప్లగ్గు పీకకుంట టబ్బుల చెయ్యి పెట్టకున్రి.
చలికాలం తలుపులు బిడాయించి
కుంపటి పక్కన పండుకోవద్దన్నప్పుడు
ఎట్ల చెప్పిన్నో గట్లనే చెప్త, తిట్టినట్టు.

నిరుడు రోహిణి కార్తె.
రోళ్ళు పలిగినయో లేదో తెల్వదుగని
ఆ రాత్రి తొమ్మిదింటికి
మూలమీది ట్రాన్స్‌ఫార్మర్ పలిగింది.
నేను బాగుజేసిన ఇరవై మూడు కూలర్లు
ఒక్కపారి ఉత్త ఇనుప పెట్టెలైనయి.
ఇన్వర్టర్లు ఇంతసేపు మూలిగి పండుకున్నయి.
నీళ్ళు పొయ్యాలన్న సోయి
బ్యాటరీ ఎండినంకనే వస్తది మనకు.

జైనాబీ మాత్రం కదలలే.
పెద్ద కుండల చిన్న కుండ,
నడుమ తడి ఇసుక,
మీద తడిపిన తువ్వాల,
లోపల డబ్బీల ఆమె ఇన్సులిన్ సీసలు.
'ఫ్రిజ్జును నమ్మిన్నాడు కదా బిడ్డా భయం' అన్నది
చీకట్లనే విసనకర్ర ఊపుకుంట.

మేమంత బయట అరుగుల మీద.
ఎక్కడ్నో టిక్కు టిక్కుమని సప్పుడు.
'పొద్దంత కాగిన రేకులు సల్లారుతున్నయి' అన్నరు ఎవరో.
నేను గూడ ఔనన్న.
లోహం సంగతి నాకు తెలుసు గదా!

గంట గడిచినా సప్పుడు ఆగలే.
రేకులైతే ఇంతసేపు సల్లారవు.
అప్పుడు యాదికొచ్చిండు రాజకొమురు,
కుడిపక్క పడిపోయి, మాట పడిపోయి,
చివరి రేకుల ఇంట్ల ఒక్కడే.
బిడ్డ నైట్ డ్యూటీకి పోయింది.

గిలాసతోని మంచంకోడును కొడుతున్నడు.
ఎడమ చేతితోని.

నలుగురం మంచంతోనే బయటికి తెచ్చినం.
తడి గోనెసంచి కప్పినం,
చెంచతోని ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు.
ఆయన కండ్లు తెరిచి
మా మొకాలు ఒక్కొక్కటే చూసిండు,
లెక్కపెట్టినట్టు.

దసరాకు జమ్మాకు నా చేతిల పెట్టి
ఆ ఎడమ చెయ్యి చాలాసేపు తియ్యలే.
ఏందో అనబోయి ఆగిపోయిండు.

ఈ ఏడు ఆయన రేకులకు
సున్నం రెండు పూతలేసినం.
మంచానికి బ్యాటరీ గంట బిగించిన,
దాని తీగ నా దలుపు దాక గుంజిన.
కూలర్ తెచ్చినోళ్ళను
ఏ కంపెనీ అని అడుగుడు బంద్‌జేసిన.
కరెంటు పోతే మీ ఇంట్ల
లేచి బయటికి రాలేనోళ్ళు ఎవరని అడుగుత.
షటర్ లోపలి దిక్కు సుద్దతోని రాసుకున్న.
పద్నాలుగు పేర్లు.
చివర నా పేరు గూడ రాసి
తుడిపేసి
మళ్ళ రాసిన.

ఇయ్యాల రాత్రి మొదటి ఉక్క.
రేకులు టిక్కుమన్నయి.
రేకులే.
గంట మోగలే.
అయినా
చెప్పులేసుకున్న.