అరికాళ్ళకు తీగల్లేవు

టోపీకి ముప్పైరెండు చిల్లులు.
ఒక్కో చిల్లులోంచి జుట్టు పక్కకి తోసి
చల్లటి జిగురు నింపడం నా ఉద్యోగం.
"చేపకి ఉప్పు దట్టించినట్టుంది" అంది గుడ్వైగ్ హోసెట్,
ముప్పై ఒక్క ఏళ్ళు
ఫ్యోర్డ్‌కి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి
ఫెర్రీ నడిపిన మనిషి.

రెండు వేళ్ళకి చెమట కొలిచే తొడుగులు.
రొమ్ము కింద గుండెను లెక్కపెట్టే పట్టీ.
ఆమె కనుపాప ఎటు జరిగితే అటు జరిగే
ఎర్రచుక్క ఒకటి, నా తెర మీద.

ఓలెసుండ్‌లో మా గదికి కిటికీలుండవు.
గోడలే సముద్రం.
మీట నొక్కితే పొగమంచు,
ఇంకోటి నొక్కితే దారికి అడ్డంగా చేపల పడవ.

నొక్కాను.
ఎర్రచుక్క పరుగందుకుంది:
రాడార్, అద్దం, దిక్సూచి, మళ్ళీ రాడార్,
మళ్ళీ అద్దం.
కనుపాప పూర్తిగా విచ్చుకుంది, రెప్పపాటు కూడా లేదు,
వేళ్ళ చివర తడి.
తొంభై ఒకటి!
ఆ ఏడాది ఎవరికీ రాని అంకె.
చప్పట్లు కొట్టబోయి ఆగాను.
ఆమె నుదుటి మీది జిగురు తుడుచుకుంటూ
"చీకట్లో గోడ తడుముకున్నానబ్బాయ్" అంది.
"మీ నేల చచ్చిపోయింది."

నాకు అర్థం కాలేదు. కాలేదనే రాసుకున్నాను.

నవంబరులో ఆమె ఓడ మీదే కొలిచాం.
అదే టోపీ, అదే పట్టీ.
ఆమె బూట్లు తలుపు దగ్గర వదిలేసి
ఉన్ని మేజోళ్ళతో నిలబడింది.
ఎర్రచుక్క అద్దం అవతల ఎక్కడో
ఏమీ లేని చోట
నాలుగు సెకన్లు, ఆరు సెకన్లు.
రెప్పలు తీరిగ్గా వాలుతున్నాయి.
గుండె నిద్రపోయే పిల్లదానిలా ఉంది.
అంకె: ముప్పైఎనిమిది.
పుస్తకంలో "పరధ్యానం" అని రాశాను,
పక్కన ప్రశ్నార్థకం పెట్టాలనిపించలేదు.

అప్పుడు ఆమె చెయ్యి మీటని వెనక్కి లాగింది.

ఏ గంటా మోగలేదు. ఏ దీపమూ వెలగలేదు.
నా గీతలన్నీ తిన్నగానే పోతున్నాయి.
ఫోను తీసి కింద ఇంజను గదికి చెప్పింది:
"ఎడమ రెక్కకి ఏదో చుట్టుకుంటోంది, ఆపు."
సాయంత్రం రేవులో మునిగినవాడు పైకి తెచ్చాడు
నీలం రంగు వలతాడు,
మూడు బారలు.

ఒళ్ళు దగ్గర పెట్టుకో అంటాం కదా,
పిల్లలతో, తాగినవాళ్ళతో, నిచ్చెన ఎక్కేవాళ్ళతో.
ఆమె ఒళ్ళు దూరంగా పెట్టుకుంది.
మేజోళ్ళ కింది ఇనప పలకల్లోంచి,
కార్ల వరసల కిందుగా,
కాఫీ తాగుతున్న ప్రయాణికుల కుర్చీల కిందుగా,
వెనక నీళ్ళల్లో తిరిగే రెక్కల దాకా
పరిచి పెట్టుకుంది.
వెతుక్కునేవాడి కళ్ళకి మేం మార్కులు వేస్తున్నాం.
దొరికినవాడి కళ్ళు ఖాళీగా ఉంటాయి.

ఇంత బాగా నేను ఆ రోజు అనుకోలేదు లెండి.
ఆ రోజు నాకు ఆకలేసింది,
బ్యాటరీ అయిపోతుందని కంగారు.

"ఈ వరస మిగతా వాటితో కలవడం లేదు, కొట్టెయ్"
అన్నాడు మా ప్రొఫెసర్ ఓడ్‌ముండ్, మర్యాదగానే.
కొట్టేశాను.
నివేదికలో ఆ దాటింపు లేదు, ఆ తాడు లేదు,
తొంభై ఒకటి మాత్రం ఉంది, రెండో పేజీలో, బొమ్మతో.

వసంతంలో ఓసారి టికెట్ కొనుక్కుని ఎక్కాను.
పై డెక్కు మీద ఎవరూ చూడకుండా
బూట్లు విప్పి, మేజోళ్ళూ విప్పి
ఇనుము మీద నిలబడ్డాను,
కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి,
తొంభై ఒకటికి తగ్గనంత శ్రద్ధగా.

చలి మాత్రమే తెలిసింది.