ముప్ఫై నాలుగు ఉతుకులు

పట్టికలో మా జట్టు ఎక్కడుందో నన్నడగొద్దు,
పేపరు చూసే తీరిక నాకు లేదు.
చొక్కాలు చూసి చెబుతాను.

జూలైలో అన్నీ పచ్చ మరకలే.
అంటే నేల మీద జారి బంతిని అడ్డుకున్నారని,
మోకాళ్ళలో ఇంకా నమ్మకం ఉందని.
వెంగ్లోవిత్సెలో రాత్రి తొమ్మిది దాకా వెలుగు.
స్టేడియం వెనక తీగ మీద ఎర్ర చొక్కాలు తలకిందులుగా
చేతులు వేలాడేసి ఊగేవి,
గెలిచి అలిసిపోయినవాళ్ళలా.
పదిహేడో నంబరు క్సావెరి, పందొమ్మిదేళ్ళవాడు,
సాక్సులు తనే తిరగేసి ఇచ్చేవాడు.
వాళ్ళమ్మ పెంపకం, అనుకున్నాను.

సెప్టెంబరులో వార్సా వాళ్ళొచ్చారు. ఐదు సున్నా.
ఉతికి ఆరేశారమ్మా, అన్నాడు గేటు దగ్గరి ముసలాయన.
ఆ మాట నాకు నచ్చలేదు.
ఉతకడానికో మర్యాద ఉంది:
నీళ్ళు వేడెక్కితే వీపు మీది అంకె ఊడుతుంది,
పిండితే మెడ సాగుతుంది.
వాళ్ళు చేసింది బండకేసి బాదడం.

నవంబరు ఒకటిన సమాధుల తోటకెళ్ళి
మా ఆయన లుద్వీక్‌కి దీపం పెట్టాను.
రెండు వరుసల అవతల గోల్‌కీపరు వాల్దెమార్,
వాళ్ళ నాన్న రాతి ముందు వంగి
తడిసిన అగ్గిపుల్లలు ఒక్కొక్కటే గీస్తున్నాడు.
గ్లవుజులు లేకపోతే అంత చిన్న చేతులని నాకు తెలీదు.
మర్నాడు బంతి ఆ చేతుల్లోంచి జారి
కాళ్ళ మధ్యగా గోల్లోకి పోయింది.
ఎనిమిది వేల గొంతులు వాళ్ళ నాన్నని తిట్టాయి.
నేను అతని తువ్వాలు విడిగా ఉతికాను.

మొదటి కోచ్ పోయాడు.
రెండో కోచ్ తన ఉన్నికోటు ఇస్త్రీకిచ్చి
అది తీసుకోకముందే పోయాడు.
మూడో ఆయన నా పేరు అడగలేదు.

పెద్ద లీగ్ కదా, నియమం ప్రకారం
మైదానం కింద వేడినీటి గొట్టాలుండాలి.
చలికాలపు సెలవుల్లో కూడా గడ్డికి జలుబు చేయకూడదు.
నా గదిలో రేడియేటరు జనవరంతా మొరాయించింది.
ఒక రాత్రి, తాళంచెవి ఎలాగూ నా దగ్గరే ఉందని,
ఆ ఉన్నికోటు తొడుక్కుని వెళ్ళి
మధ్యగీత మీద కూచున్నాను.
మంచు పడుతోంది, పడ్డచోటే కరుగుతోంది.
నా కింద నేల వెచ్చగా ఉంది.
గని మూసి పదకొండేళ్ళు.
కింద ఇంకా ఎవరో షిఫ్టులో ఉన్నట్టు
చెవి ఆనించి విన్నాను.
నీళ్ళ చప్పుడు. అంతే.

మార్చి బురద నల్లది.
మా ఊరి మట్టి సబ్బుకి లొంగదు, బొగ్గు దానికి తాత.
క్సావెరి చుట్టూ మెరిసే బూట్ల మనిషొకడు తిరిగాడు.
ఏప్రిల్ నుంచి సాక్సులు ఉండచుట్టి విసిరేసినవి వచ్చాయి.
నేను ఏమీ అనుకోలేదు.
అనుకున్నాను.

మే నెల, ఆఖరి ఆట.
డ్రా అయితే కింది లీగ్‌కి, గెలిస్తే ఇక్కడే.
తొంభై నాలుగో నిమిషంలో క్సావెరి గోలు కొట్టాడు.
పక్కనున్న ఎవరినో తెలీకుండా ముద్దు పెట్టుకున్నాను.
తరవాత రిఫరీ చెవి పట్టుకుని నిలబడ్డాడు,
తెర దగ్గరికి పరిగెత్తాడు,
గీతలు గీసి చూశారు.
ఆఫ్‌సైడ్.
కుడి భుజం వేలెడు కూడా కాదు, గోరంత ముందుందట.

ఆ భుజం నాకు తెలుసు.
కుట్టు విడిపోతే శీతాకాలంలో రెండుసార్లు కుట్టాను,
రెండో సారి దారం లేక మందపు దారంతో.

ఇవాళ చివరి మూట. చొక్కాల మీద మట్టి పెద్దగా లేదు.
భుజాల దగ్గర మాత్రం ఎండిన ఉప్పు.
దానికి చన్నీళ్ళు చాలు.
కింది లీగ్‌లోనూ బురద ఇదే కదా,
రేపు యంత్రానికి కొత్త బెల్టు వేయించాలి.
మూట అడుగున పదిహేడో నంబరు సాక్సు,
చక్కగా తిరగేసి ఉంది.
రెండోది కనబడలేదు.
డ్రమ్ములో తల దూర్చి వెతుకుతున్నాను.