ఏమీ లేదన్న చోట

తకావోకా స్టేషన్లో, మెట్ల కింద,
పోయిన వస్తువుల గది.
పంతొమ్మిదేళ్ళుగా ఆ కిటికీ వెనక నత్సుయే హిరుకావా.
గొడుగులు, ఒంటి చేతి తొడుగులు,
ఒకసారి ఎవరో తీసి మరిచిన పళ్ళసెట్టు,
ఒకసారి ఇంకా వెచ్చగా ఉన్న అన్నం డబ్బా.
వచ్చినవాళ్ళతో ఆమె ఎక్కువసార్లు అనే మాట ఒకటే,
నడుం వంచి, మెత్తగా:
"క్షమించండి, ఏమీ రాలేదు."

గొంతులో అది ఫిబ్రవరి మంచులో మొదలైంది.
మింగితే దిగదు, దగ్గితే రాదు.
అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి,
ఉత్త ఉమ్మి మాత్రం దాన్ని ఒరుసుకుంటూ పోతుంది.

చెవి ముక్కు గొంతు డాక్టరు సన్నని గొట్టం దింపాడు.
తెర మీద గులాబిరంగు సొరంగం, ఖాళీ.
"ఏమీ లేదు."
పెద్దాసుపత్రిలో యంత్రంలోకి తోసి, బయటికి లాగి
"ఏమీ లేదు, అదృష్టవంతులు."
మూడో ఆయన కంప్యూటరు నుంచి తల తిప్పకుండా
"వయసు" అన్నాడు.
ప్రతిసారీ వంగి నమస్కరించింది.
తన మాటే
కిటికీ అవతల నిలబడి విన్నట్టుంది.

ఏడాది తిరిగింది.
ఇసోగై గారి క్లినిక్కు బియ్యం కొట్టు పైన, ఇరుకు మెట్లు.
గోడ నిండా చెక్క సొరుగులు,
తన గదిలో అరల్లాగే, కాకపోతే
వీటికి పేర్లున్నాయి.
ముసలి డాక్టరమ్మ ముందు గొంతు చూడలేదు.
పాదాలు పట్టుకుని, చల్లగా ఉన్నాయంది.
నాలుక చాపమని, అంచుల మీద పళ్ళ గాట్లు చూసింది.
మణికట్టు మీద మూడు వేళ్ళు ఆన్చి
చాలాసేపు కూర్చుంది,
రేడియోలో దూరపు స్టేషను పట్టేవాళ్ళలా.
పొట్ట మీద తడితే నీళ్ళ కడవ కదిలిన చప్పుడు.
"రాత్రి ఎన్నింటికి మెలకువ? లేవగానే ఏం వినిపిస్తుంది?"
మంచు తోసే బండి, అంది నత్సుయే. మూడున్నరకి.
అదీ రాసుకుంది.

"పాతవాళ్ళు దీన్ని ఊమె పండు గింజ అన్నారు.
గొంతులో ఉండదు. ఉన్నట్టుంటుంది.
లేకపోవడం నిజం. ఉన్నట్టుండటమూ నిజమే.
రెండూ ఒకే కాగితం మీద రాస్తాను."

మనకైతే పచ్చి వెలక్కాయ పడేది.
ఏ ఊరి గొంతుకి ఆ ఊరి కాయ.

అయిదు సొరుగులు తెరిచింది.
మాగ్నోలియా బెరడు, పైన్ వేళ్ళకి పట్టే తెల్లటి గడ్డ,
ఊదారంగు షిసో ఆకు, అల్లం.
ఆఖరిది హంగె, పొలంలో కలుపు మొక్క దుంప.
పూర్వం కోడళ్ళు కలుపు తీస్తూ ఏరి, మందులవాడికమ్మి,
ఆ చిల్లర ఎవరికీ చెప్పకుండా దాచుకునేవాళ్ళట.
"చెప్పకుండా దాచినవాటికి అదే మందు" అని నవ్వింది,
"శాస్త్రం కాదులే, మా అమ్మ మాట."

మట్టి కుండ. సన్నని సెగ.
మూడు గ్లాసుల నీళ్ళు సగమయ్యేదాకా నలభై నిమిషాలు.
పొంగుతుంది, వదిలి వెళ్ళకూడదు.
పొయ్యి ముందు స్టూలు వేసుకుని కూర్చుంది.
మొదట తడి చెక్క వాసన,
తర్వాత ఎన్నాళ్ళో తెరవని బీరువా.

నాలుగో రాత్రి గుర్తొచ్చాడు
పోయినేడు జనవరిలో ఒక పెద్దాయన.
చెవి మిషను పోయిందని గట్టిగా, మరీ గట్టిగా,
తన గొంతు తనకే అందనట్టు అడిగాడు.
వెనక క్యూ ఉంది.
వెతక్కుండానే అనేసింది.
సాయంత్రం ఒక గొడుగు మడతలోంచి రాలింది
చిక్కుడు గింజంత.
ఆయన పేరు రాసుకోలేదు.

కుండ దించి, వడకట్టి, తాగింది.
చేదు. చివర్లో అల్లం మంట.

నయమైందా అని అడక్కండి.
కొన్నాళ్ళుంటుంది, కొన్నాళ్ళుండదు.
మందో, ఆ నలభై నిమిషాలో
ఇసోగై కూడా తేల్చలేదు.
వచ్చే నెల ఒక సొరుగు మారుస్తుందట.

మార్చిలో కిటికీ దగ్గరికొక కుర్రాడు.
ఏం పోయిందో చెప్పడం రావట్లేదు.
చిన్నదండీ, అన్నాడు. విలువ లేనిది.
అలవాటు మాట నాలుక దాకా వచ్చింది.
మింగింది.
దిగింది.
పక్క తలుపు గడియ తీసి
"లోపలికి రా" అంది,
"ఏ రంగు?"