తలుపు రంగు

మూడు రోజులుగా వాన.
వేల్స్ కొండల నడుమ, గొర్రెల సంత జరిగే మైదానంలో
ఒక తెల్లటి గుడారం.
లోపల నాలుగొందల మడత కుర్చీలు,
తడిసిన ఉన్ని కోట్ల వాసన.
గడ్డి మీద పరిచిన చెక్కలు
అడుగేసినప్పుడల్లా గుటక మింగుతున్నాయి.

వేదిక మీద ముగ్గురు మనుషులు, మూడు గ్లాసుల నీళ్ళు.
రచయిత్రి మెరెరిడ్ వాళ్ళమ్మ ఊరి గురించి రాసింది.
కుమ్ హెలిగ్. ఇప్పుడది జలాశయం అడుగున ఉంది.
మెరెరిడ్ పెరిగింది ఆ నీళ్ళు తాగే నగరంలోనే.
అంటే ఆ ఊరు
వాళ్ళింటి కుళాయిలోంచి రోజూ కాస్త కాస్త బయటికొచ్చేది.

పక్కన విమర్శకుడు క్వెంటిన్ హార్డ్‌కాసిల్.
నవలలో ప్రార్థన మందిరం తలుపు ఆకుపచ్చగా ఉంటుంది.
ఆ ఆకుపచ్చ మీద ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడాడు.
పునరుత్థానం, అన్నాడు.
మునిగినదాని మొండి చిగురు, అన్నాడు.
ఆ ఒక్క తలుపులోంచి అడవినంతా తోలుకొచ్చాడు.
మేమంతా రాసుకున్నాం.
నేనైతే చిగురు కింద గీత కూడా గీశాను.

తర్వాత ప్రశ్నలు.
మైకు మోసే ఇయాంటోకి పదహారేళ్ళు.
చేతిని బట్టి మనిషిని పోల్చడం ఈ మూడు రోజుల్లో నేర్చాడు.
నిటారుగా లేచిన చెయ్యి ప్రశ్న అడగదు, ఉపన్యాసం ఇస్తుంది.
చెవి దాకా లేచి దిగిపోయే చెయ్యి దగ్గరే
ఏదైనా ఉంటే ఉంటుంది.

అలాంటిదొకటి, చివరి వరుసలో.
గొర్రెల వీపుకి వేసే గుర్తురంగు
వేళ్ళనింకా వదల్లేదు.
ఎనభై దాటిన ఇడ్వల్.
తల్లి కాదన్న గొర్రెపిల్లకి పాలసీసా పట్టినట్టు
మైకు పట్టుకున్నాడు.

"నాది ప్రశ్న కాదమ్మా.
ఆ తలుపు నీలం.
ఆఖరిసారి రంగేసింది నేనే, పదమూడేళ్ళప్పుడు.
డబ్బాలో మిగిలింది మా బండికి కొట్టాం."

కాసేపు వానొక్కటే మాట్లాడింది.
హార్డ్‌కాసిల్ గ్లాసెత్తి గడగడా తాగాడు.
అది ఆయన గ్లాసు కాదు.

"మనకి సమయం..." అనబోయింది చర్చ నడిపే అంఘరాడ్.
మెరెరిడ్ చెయ్యి అడ్డం పెట్టింది.
"ఆ తలుపు మా అమ్మ నోట ఎప్పుడూ గ్లాస్.
నాకా భాషలో ఇరవై మాటలొస్తే ఎక్కువ.
గడ్డిని గ్లాస్‌వెల్ట్ అనేది.
అందుకని ఆకుపచ్చ అనుకున్నాను."

"గడ్డీ గ్లాసే, ఆకాశమూ గ్లాసే తల్లీ.
దూరాన్నించి కొండా అంతే.
ఎటు చూస్తూ అన్నావన్నదే లెక్క.
మీ అమ్మ ఎటు చూస్తూ అనేది?"

ఆ మధ్యాహ్నం మొత్తానికి ప్రశ్న అదొక్కటే.

"వంటింట్లో," అంది మెరెరిడ్.
"గిన్నెలు కడుగుతూ."
ఇంకేదో అనబోయి కుళాయి దగ్గరే ఆగిపోయింది.

చిలక పచ్చన, కామెర్ల కళ్ళూ పచ్చన,
మానని పుండు పచ్చి.
ఇన్నేళ్ళుగా రాస్తున్నాను,
ఏ పచ్చ అని నన్నొక్కరూ అడగలేదు.

చప్పట్లు. అందరూ లేచారు.
ఇయాంటో మైకు కట్టెయ్యడం మరిచిపోయాడు.
ముసలాయనకి చెయ్యిచ్చి బయటికి నడిపిస్తుంటే
గుడారం నాలుగు మూలల్లోంచీ వాళ్ళ మాటలు:

"ఆ బండేమైంది?"
"ఉంది. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి అందులో."
"రంగుందా?"
"చక్రం లోపలి వైపు, ఎండ తగలని చోట.
చూస్తానంటే రమ్మను ఆవిణ్ణి.
బూట్లు మాత్రం మార్చుకోమను."