గవ్వల ఇంటిపేరు

ఊనా అనే ఆమె కావలిలో రైలు దిగింది.
చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి,
సంచిలో వాళ్ళ ముత్తాత తమ్ముడు.

డెనిస్ గావిగన్, మేయో జిల్లా, ఐర్లండు.
పటాలంలో చేరేనాటికి పంతొమ్మిదేళ్ళు,
ఐదడుగుల నాలుగంగుళాలు, కళ్ళు బూడిదరంగు,
చదువు రాదు, సంతకం దగ్గర ఇంటూ గుర్తు.
బూట్ల కింద జీతంలో ఎంత పట్టుకున్నారో
పెన్నీలతో సహా ఉంది.
మనిషిని కొన్నప్పుడు రసీదు బాగా రాస్తారు.

ఆటోలో ఇసకపల్లికి పోతా పోతా
నేనేం చేస్తానో అడిగింది.
నెల్లూరు ఆర్‌సీఎం చర్చిలో లెక్కలు రాస్తానన్నా.
పేరు ఇన్నయ్య అన్నా.
ఇంటిపేరు అడగలేదు, నేనూ చెప్పలేదు.

కాలవగట్టున దిగినాం.
రొయ్యల గుంటల మురుగు కలిసి నీళ్ళు పచ్చగా ఉన్నాయి.
ఇది ధాత కరువులో తవ్విన కాలవమ్మా,
తవ్వినోళ్ళకి ఇంత గంజి,
తట్టలో మట్టికంటే మోసే మనిషే తేలిక, అని
మా తాత మాట చెప్పినా.
ఆమె అక్కడే నిలబడిపోయింది.
వాళ్ళ దేశంలో ఆలుగడ్డ నేల్లోనే నల్లబడి కుళ్ళిన ఏళ్ళలో
ఎక్కడికీ పోని రోడ్లు వేయించారంట, గంజికోసమే.
డెనిస్ తల్లి ఆ రోడ్డుమీద రాళ్ళు కొట్టిందంట.
కొడుకు ఇంతదూరం వచ్చి
ఇదే గట్టుమీద బెత్తం పట్టుకుని
తట్టలు లెక్కపెట్టినాడు.
దీనికి మీ భాషలో ఏమన్నా మాట ఉందా, అంది.
నాకేం తట్టలేదు.
పక్కనే ఎవరో చేపలు ఎండేస్తున్నారు,
వాసనకి ముక్కు మూసుకోలేదు ఆమె. అది గమనించినా.

సమాధి దొరకలేదు.
ఇరవైయేడు తుఫానులో పోయిందని ఒకాయన,
ఉప్పు కొఠారు మెట్టుకింద ఉందని ఇంకొకాయన.
మెట్టే లేదు ఇప్పుడు.

మర్నాడు నెల్లూరులో రిజిస్టరు తీసినా.
చెదలు వదిలేసిన ఒక వరస:
పద్ధెనిమిది వందల ఎనభై, ఆగస్టు. బిడ్డ థామస్.
తండ్రి డెనిస్ గావిగన్, ఉప్పుశాఖ.
తల్లి గడిలో: నేటివ్ స్త్రీ.

ఊనాకి కళ్ళనీళ్ళొచ్చాయి, థామస్ దొరికినాడని.
థామస్ మద్రాసు పోయి, ఓడెక్కి, ఆస్ట్రేలియాలో చచ్చిపోయినాడు,
ఆ కాగితాలు ఆమె దగ్గర ఉన్నాయి.
థామస్ తర్వాత పుట్టినోళ్ళ కాగితాలు ఎవరి దగ్గరా లేవు.

గావిగన్ అనే మాట ఉప్పుకూలీల నోట్లో నిలుస్తుందా?
గవ్వల దొర అయ్యుంటాడు.
మా జేజి మాత్రం
సున్నపుబట్టీకి గవ్వలు ఏరినోళ్ళం కాబట్టే మనం గవ్వలోళ్ళం అనేది.
అరవైయేళ్ళు అదే నమ్మినా.
మా నాయన శౌరయ్యకి మోచేతులనిండా గోధుమరంగు చుక్కలు,
ఎండలో నిలబడితే రొయ్యలాగా కందేవాడు.
కందుకూరు డాక్టరు పొడ అన్నాడు.
ఎనిమిదేళ్ళు లేపనం పూసుకున్నాడు పాపం.

ఇంకోటి. మా ఇంట్లో అందరివీ పునీతుల పేర్లే,
తెరేజా, అంతోనమ్మ, రాయప్ప.
అయినా తరానికొక ఆడపిల్లకి చెంచమ్మ అని పెట్టాల.
ఫాదర్లు ఎంత కోప్పడినా పెట్టాల.
ఎందుకంటే జేజి కూడా ఎందుకో తెలీదనేది.

రైలు దగ్గర ఊనా అడ్రసు రాసివ్వమంది.
తెలుగులో రాసినా, అలవాటుకొద్దీ.
చదివి చెప్పమంది. గవ్వల, అన్నా.
మళ్ళీ చెప్పమంది.
మూడోసారి ఆమే అన్నది, మెల్లగా,
చివర ఏదో మిగిలినట్టు ఆగింది.
బోగీ కదిలింది.

రిజిస్టరు ఇంకా బల్లమీదే ఉంది.
తల్లి గడిలో ఇంత ఖాళీ ఉంది, పెన్సిలూ ఉంది.
రాయలేదు. రుజువు లేదు నా దగ్గర,
చర్చి పుస్తకం నాది కాదు.
తాళం వేసి ఆఖరి బస్సుకి ఊరొచ్చినా.
కాలవ అవతల కరెంటు పోయినట్టుంది,
మా మనవరాలు చెంచి ట్యూషన్ నించి ఇంకా రాలేదు.
టార్చి తీసుకుని ఎదురుపోవాల.